బ్యాంకుకి ‘ఎమ్’ ఎందుకు రాసింది? పదం చివరి జంట అక్షరాల కథ

చాలా రోజుల తర్వాత పెద్ద పోస్టు పెడుతున్నాం. నింపాదిగా చదవండి. ఇందులో కొంచెం చరిత్ర ఉంది, కొంచెం ఒకటో తరగతి ఇంగ్లీషు ఉంది, కొంచెం మన కడుపుమంట కూడా ఉంది.

మేము నలుగురం ఒకే రూంలో ఉంటాం. అమీర్‌పేట మెట్రో దిగి పంజాగుట్ట వైపు నడిస్తే మా హాస్టల్ వస్తది. మాలో ఒకరిది ఉట్నూరు వైపు గోండు గూడెం, ఒకరిది భద్రాచలం అవతల కోయ ఊరు, ఇద్దరిది మహబూబాబాద్ దగ్గర తండాలు. మా నలుగురి ఇండ్లల్ల మా కంటే ముందు కాలేజీ గేటు దాటినోళ్ళు లేరు. పోయిన ఏడాది నుంచి ఆదివారం పొద్దున మా గల్లీలో చిన్న పిల్లలకు చదువు చెప్తున్నాం. వాచ్‌మెన్ల పిల్లలు, బిల్డింగ్ పని చేసేటోళ్ళ పిల్లలు, మా మెస్సులో వంట చేసే అక్క బిడ్డ. అందరూ ఆరేండ్ల నుంచి ఎనిమిదేండ్ల లోపు.

ఒక ఆదివారం పలకల మీద ‘బ్యాంక్’ రాయమన్నాం. గల్లీ మూల మీదనే బ్యాంకు బోర్డు ఉంది, రోజూ చూసేదే. మెస్సు అక్క బిడ్డ రాసింది: బీ, ఏ, ఎమ్, కే. ‘హ్యాండ్’ రాయమంటే హెచ్, ఏ, ఎమ్, డీ. ‘డెస్క్’ అంటే చివర ఒక యూ ఎక్కువ రాసింది. మాలో ఒకరికి నవ్వొచ్చింది. నవ్విన వెంటనే సిగ్గు కూడా వచ్చింది. ఎందుకంటే ఇదే అమీర్‌పేటలో, మేము కష్టపడి ఫీజు కట్టిన ఒక స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో, మమ్మల్ని నిలబెట్టి ‘ఫస్ట్’ అనమన్నారు. మేము ‘ఫస్టు’ అంటే క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

తర్వాతి వారం అక్క తన బిడ్డ నోటుబుక్కు పట్టుకొచ్చింది. బడిలో టీచర్ రాసిన మాట ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పమంది. ‘స్లో లెర్నర్, ఇదే తరగతి మళ్ళీ చదివించడం మంచిది’ అని ఉంది. అక్క అడిగిన మాట ఒక్కటే: “మా పిల్ల బుర్ర మందమా తమ్మీ?”

ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే మాకు చాలా దూరం పోవాల్సి వచ్చింది. లైబ్రరీలో కూర్చున్నాం, సీనియర్లను అడిగినం, మా అమ్మల భాషల్ని మళ్ళీ విన్నాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. ముందే జవాబు చెప్పేస్తాం: ఆ పిల్ల తప్పు చేయలేదు. తనకు నేర్పిన లెక్క ప్రకారం కరెక్టుగానే రాసింది. ఆ లెక్క తెలుగుది, ఇంగ్లీషుది కాదు. అంతే.

సున్న చేసిన పని

ఇంగ్లీషులో చాలా చిన్న మాటల చివర రెండు హల్లులు పక్కపక్కన వస్తాయి. హ్యాండ్, టెంట్, లాంప్, బ్యాంక్, డెస్క్, బెస్ట్, గిఫ్ట్, బెల్ట్, మిల్క్. రెండూ వినబడాలి, మధ్యలో అచ్చు ఉండొద్దు, చివర కూడా అచ్చు ఉండొద్దు. ఈ చివరి జంటల్ని నేర్పడం ఒకటో, రెండో తరగతి పని.

ఇప్పుడు మన పలక చూడండి. తెలుగులో లాంప్, హ్యాండ్, బ్యాంక్ అని రాస్తే మూడింట్లోనూ ఒకటే సున్న. కానీ నోట్లో అది మూడు రకాలు. ‘లాంప్’లో పెదాలు మూసుకుంటాయి, అది ‘మ్’. ‘హ్యాండ్’లో నాలుక పైకి తగులుతుంది, మన నోట అది ‘ణ్’. ‘బ్యాంక్’లో గొంతు దగ్గర పలుకుతుంది, అది ‘ఙ్’. తర్వాత వచ్చే అక్షరం ఏ వర్గమో, సున్న ఆ వర్గం అనునాసికంగా మారుతుంది. తెలుగు లిపి ఈ మూడింటికీ ఒకే గుండ్రం గుర్తు పెట్టుకుంది. చాలా తెలివైన పొదుపు. కాకపోతే పిల్లకి ఇంకొక సంగతి కూడా తెలుసు. అన్నం, గుర్రం, పుస్తకం. మాట చివర సున్న ఉంటే అది ‘మ్’. అంటే తనకు ఒంటరిగా వినబడిన సున్న ఎప్పుడూ ‘ఎమ్’ లాగే ఉంది. అందుకే సున్న అంటే ఎమ్ అనుకుంది. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఒక పాత పద్ధతిలో ఇప్పటికీ సున్నకి పెద్ద ఎమ్ కొట్టాలి. పెద్దపెద్ద ఇంజనీర్లు చేసిన లెక్కనే ఏడేండ్ల పిల్ల పలక మీద చేసింది.

చివరి ‘ఉ’ ఎక్కడిది?

ఇక ‘డెస్కు’ చివర రాసిన యూ సంగతి. తెలుగుని అజంత భాష అంటారు. అచ్చుతో అంతమయ్యే భాష అని అర్థం. ‘తూర్పు దేశపు ఇటాలియన్’ అని పొగుడుతూ ఉంటారు కదా, ఆ పొగడ్తకి కారణం ఈ చివరి అచ్చే. పాత కావ్యాల్లో ‘న్’ మీద ఆగే మాటలు ఉన్నాయి. దానికి నకార పొల్లు అని ఒక ప్రత్యేక గుర్తు కూడా ఉండేది. 2021లో ఆ గుర్తు యూనికోడ్‌లోకి చేరింది. అయినా మామూలు మాటల్లో తెలుగు నోరు అచ్చు మీద గానీ, ‘మ్’ మీద గానీ ఆగుతుంది.

బయటి నుంచి హల్లుతో ముగిసే మాట వస్తే తెలుగు దానికి ఒక ‘ఉ’ తొడుగుతుంది. ఇది ఇంగ్లీషుతో మొదలైంది కాదు. సంస్కృతం వాక్ మనకు వాక్కు అయింది. జగత్ జగత్తు అయింది, విద్యుత్ విద్యుత్తు, మనస్ మనస్సు. వీటిని ఎవరూ తప్పు ఉచ్చారణ అనరు. పండితులు పద్యాల్లో వాడుకున్నారు.

ఆ తర్వాత హైదరాబాద్ కథ. 1591లో ఈ నగరం పుట్టింది. 1687 దాకా కుతుబ్‌షాహీలు, కొంతకాలం తర్వాత నుంచి 1948 దాకా అసఫ్‌జాహీలు. దర్బారులో ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ. ఈ భాషల్లో మాట చివర జంట హల్లులు మస్తుగా ఉంటాయి. అవి మన ఊర్లలోకి ఎట్ల వచ్చినయో చూడండి. బందోబస్త్ మనకు బందోబస్తు. దర్ఖాస్త్ దరఖాస్తు. ఖర్చ్ ఖర్చు. జబ్త్ జప్తు. దోస్త్ దోస్తు. భూమి కోసం మన తాతలు పెట్టుకున్నది దరఖాస్తే, పోయింది జప్తులోనే. ఆ మాటల చివర ఉన్నది ఇదే జంట, ‘స్త్’, ‘ప్త్’. ఇంగ్లీషులో బెస్ట్, టెస్ట్ చివర వినబడేది దీనికి దగ్గరి చుట్టమే.

ఇంకో రకం రిపేరు కూడా ఉంది. కొన్ని మాటల్లో అచ్చు చివర కాకుండా జంట మధ్యలో దూరింది. హుక్మ్ హుకుం అయింది. జుల్మ్ జులుం అయింది. షర్త్ షరతు, నక్ద్ నగదు. హుకుం, జులుం అనే పలుకుబడి ఉర్దూ మాట్లాడే మామూలు జనం నోట కూడా వినిపిస్తది, కాబట్టి ఇది ఒక్క తెలుగు అలవాటు అని చెప్పలేం. ఇప్పుడు ఇంగ్లీషు మాటలు పక్కన పెట్టి చూడండి. ఫిల్మ్ మనకు ఫిలిం. ఆఫీసుల్లో నింపే ఫార్మ్ మనకు ఫారం. ‘ల్మ్’, ‘ర్మ్’ వస్తే మధ్యలో అచ్చు. ‘స్ట్’, ‘స్క్’, ‘ంప్’, ‘ంక్’ వస్తే చివర అచ్చు: పోస్టు, డెస్కు, స్టాంపు, బ్యాంకు. నిజాం కాలంలో జులుంని ఎట్ల మలుచుకున్నారో, సినిమాలు వచ్చినంక ఫిలింని కూడా అట్లనే మలుచుకున్నారు. కోర్టు, రిపోర్టు, సిమెంటు, ఏజెంటు, బెల్టు, ఆగస్టు అన్నీ ఇదే దారిలో వచ్చినవి.

ఆ ‘ఉ’కి పని కూడా ఉంది. బ్యాంకులో, బ్యాంకుకి, బ్యాంకులు అనాలంటే ప్రత్యయం పట్టుకోవడానికి ఒక పిడి కావాలి. ఆ పిడే ‘ఉ’. మన వ్యాకరణం పని చేయడానికి పెట్టుకున్న పిడిని పట్టుకొని మనల్ని వెక్కిరిస్తే ఎట్ల?

మనమొక్కళ్ళమే కాదు. జపాన్ వాళ్ళు డెస్క్‌ని ‘దెసుకు’ అంటారు, టెస్ట్‌ని ‘తెసుతో’ అంటారు, మిల్క్‌ని ‘మిరుకు’ అంటారు. వాళ్ళ బుర్ర మందమని ఎవరూ అనరు. వాళ్ళ బండ్లు కొనుక్కుంటారు.

మన అమ్మల భాషలో ఈ జంటలు ఉన్నాయి

మాకు అసలు ఆశ్చర్యం ఇక్కడ కలిగింది. తెలుగు అజంతమైతే మన భాషలన్నీ అట్లనే ఉండాలని లేదు కదా. ఒక రాత్రి రూంలో కూర్చొని మాటలు రాసుకున్నాం. లంబాడీ తమ్ముడు ‘ఘర్’ అన్నాడు, ‘గోర్’ అన్నాడు. హల్లు మీదనే ఆగాడు. ఉట్నూరు అన్న ఊరిని ‘నార్’ అన్నాడు, నీళ్ళను ‘ఏర్’, ఇంటిని ‘రోన్’, దేవుడిని ‘పేన్’. తమ జాతిని తాము పిలుచుకునే పేరు ‘కోయ్‌తోర్’. ఒక్కదానికీ చివర ‘ఉ’ లేదు. తెలుగు, గోండి రెండూ ద్రావిడ భాషలే, ఒకే తల్లి బిడ్డలు. తెలుగు ‘కాలు’ అంటే గోండి ‘కాల్’ అంటుంది. ఒకరు పిడి పెట్టుకున్నారు, ఇంకొకరు పెట్టుకోలేదు.

తర్వాత అన్న బహువచనం చెప్పాడు. ఆదిలాబాద్ గోండిలో ఒక కాలు ‘కాల్’, రెండు కాళ్ళు ‘కాల్క్’. ఒక కన్ను ‘కన్’, రెండు కళ్ళు ‘కంక్’. మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ‘కంక్’ చివర ఉన్నది ‘బ్యాంక్’ జంట. ‘కాల్క్’ చివర ఉన్నది ‘మిల్క్’ జంట. అమీర్‌పేటలో వేలకు వేలు తీసుకొని నేర్పే చివరి జంట అక్షరాలు గూడెంలో మూడేండ్ల పిల్ల తన కళ్ళు, కాళ్ళు చూపించి పలుకుతోంది! ఆ పిల్ల బడికి పోతే ముందు తెలుగు నేర్చుకొని చివర ‘ఉ’ పెట్టడం అలవాటు చేసుకుంటుంది. పదిహేనేండ్ల తర్వాత పట్నం వచ్చి ఫీజు కట్టి ఆ ‘ఉ’ తీసేయడం నేర్చుకుంటుంది. మన చదువు తిరిగిన చుట్టు ఇది.

ఈ సంగతి ముందే తెలిసినవాళ్ళు

పిల్ల ఇంటి భాష దగ్గర మొదలుపెట్టాలని చెప్పినవాళ్ళు మన నేల మీద ఎప్పటి నుంచో ఉన్నారు. గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తారు. వాడుక తెలుగు కోసం పోరాడారని అందరూ చెప్తారు. పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ ఆయన సవరల భాష నేర్చుకున్నారని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారు చేశారని, బళ్ళు పెట్టించారని మాత్రం తక్కువగా చెప్తారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. తెలుగు పిల్లలకు వాడుక భాష ఎందుకు కావాలో, సవర పిల్లలకు సవర ఎందుకు కావాలో ఆయన దృష్టిలో ఒకటే ప్రశ్న.

మన ఆదిలాబాద్‌లో మార్లవాయి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం సర్కారుకి గోండుల సంగతి ఆలోచించక తప్పలేదు. హైమన్‌డార్ఫ్ దొర వచ్చాడు. 1943లో మార్లవాయిలో గోండు పిల్లల చదువు కోసం, గోండు యువకులను టీచర్లుగా తయారు చేయడం కోసం కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. తర్వాతి కాలంలో బడి భాష తెలుగు అయింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అని ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెలుగు లిపిలో తెచ్చారు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే దారి లేక కాదు. దారి వేసిన ప్రతిసారీ మధ్యలో వదిలేశారు.

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం వచ్చింది. మేము దానికి వ్యతిరేకం కాదు. ఉన్నోళ్ళ పిల్లలకు దొరికేది మన పిల్లలకు కూడా దొరకాలి. మా బాధల్లా ఒకటే. మీడియం మార్చినంత తొందరగా నోరు మారదు. తెలుగు నోటికి, గోండి నోటికి, లంబాడీ నోటికి ఇంగ్లీషు ఎక్కడ తగులుకుంటదో తెలిసిన టీచరు కావాలి.

అమెరికాలో కోర్టు దాకా పోయిన చివరి హల్లు

ఈ విషయం ఎంత పెద్దదో ఒక కేసు చెప్తది. అమెరికాలో నల్లజాతి జనం మాట్లాడే ఇంగ్లీషులో చివరి జంట తరచూ ఒక్క హల్లు అవుతుంది. టెస్ట్ ‘టెస్’ అవుతుంది, డెస్క్ ‘డెస్’ అవుతుంది. మనం అచ్చు చేర్చి జంటను విడదీస్తాం, వాళ్ళు ఒక హల్లు తీసేసి జంటను తేలిక చేస్తారు. విలియం లబోవ్ అనే భాషా శాస్త్రవేత్త 1960ల్లో దీన్ని పరిశీలించి, ఇది బద్ధకం కాదు, పక్కా నియమాలున్న భాష అని చూపించాడు. 1977లో మిషిగన్ రాష్ట్రం ఆన్ ఆర్బర్ ఊర్లో కొందరు పేద నల్లజాతి తల్లులు బడి మీద కోర్టుకి పోయారు. తమ పిల్లలకు చదవడం నేర్పకుండా, నేర్చుకోలేని పిల్లలని ముద్ర వేస్తున్నారని వాళ్ళ వాదన. 1979లో జడ్జి చార్లెస్ జాయినర్ తీర్పు ఇచ్చాడు. పిల్లల ఇంటి భాషను లెక్కలోకి తీసుకోకుండా చదువు చెప్పడం బడి చేసిన తప్పు, టీచర్లకు ఆ భాష గురించి నేర్పాలని చెప్పాడు.

మా మెస్సు అక్క నోటుబుక్కు తెచ్చిన రోజు మాకు ఈ కేసు తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజే చెప్పేవాళ్ళం: అక్కా, నీలాంటి అమ్మలే ఇదే ప్రశ్న జడ్జి ముందర అడిగిండ్రు, గెలిచిండ్రు.

మేము ఎట్ల నేర్పినం

చివరి జంటల్ని గుంపులుగా నేర్పడం కొత్తదేం కాదు. 1783లో నోవా వెబ్‌స్టర్ అమెరికా పిల్లల కోసం వేసిన స్పెల్లింగ్ పుస్తకంలోనే మాటలను వరుసలుగా, పట్టికలుగా అమర్చాడు. మధ్యలో మాటల్ని బొమ్మల్లాగ చూసి బట్టీ పట్టే పద్ధతి ఊపందుకుంది. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన ఆ పద్ధతి మీద గట్టిగా దెబ్బ కొడుతూ పుస్తకం రాశాడు. 2000లో అమెరికా నేషనల్ రీడింగ్ ప్యానెల్ పరిశోధనలన్నీ చూసి, అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధాన్ని వరుసగా నేర్పితే చిన్న పిల్లలకు మేలని తేల్చింది. అయితే ఆ పుస్తకాలన్నీ ఇంగ్లీషు ఇంటి పిల్లల కోసం రాసినవి. సున్న గురించి వాటిల్లో ఉండదు. అది మనమే చేసుకోవాలి.

మొదటి పని వేళ్ళ ఆట. ‘డెస్క్’లో శబ్దాలు నాలుగు: డ్, ఎ, స్, క్. ‘డెస్కు’లో ఐదు. చెయ్యి తెరిచి ఒక్కో శబ్దానికి ఒక్కో వేలు ముట్టుకోమన్నాం. బొటనవేలు నుంచి ఉంగరం వేలు దాకా ఇంగ్లీషు. చిటికెన వేలు తెలుగుది. ఇంగ్లీషు మాట రాసేటప్పుడు చిటికెన వేలు ముడవాలి. తెలుగులో మాట్లాడేటప్పుడు తెరవాలి. హ్యాండ్, లాంప్, మిల్క్, బెస్ట్, గిఫ్ట్, టెంట్ అన్నీ నాలుగు వేళ్ళ మాటలే. ‘ఉ’ తప్పు అని మేము ఒక్కసారి కూడా అనలేదు. అది ఏ ఇంటి చుట్టమో చెప్పినం, అంతే.

రెండో పని సున్నని విడదీయడం. అద్దం ముందు నిలబెట్టి ‘లాంప్’ అనిపించాం. పెదాలు మూసుకున్నయా? అయితే ఎమ్. ‘హ్యాండ్’, ‘టెంట్’, ‘బ్యాంక్’ అనిపించాం. పెదాలు మూసుకోలేదా? అయితే ఎన్. ఒక్క మాటలో చెప్పాలంటే, సున్న తర్వాత ‘ప్’ వస్తే ఎమ్, ట్ డ్ క్ వస్తే ఎన్. క్యాంప్, జంప్, స్టాంప్ ఒక వరుస. సాండ్, పాండ్, రెంట్, ట్యాంక్, పింక్ ఇంకో వరుస. ఇది ఏ ఖరీదైన పుస్తకంలోనూ మాకు కనబడలేదు. తెలుగు పలక మీద నుంచి వచ్చిన పిల్లకి మాత్రం ఇదే తాళంచెవి.

మూడో పని మధ్యలో అచ్చు దూరే మాటలు. ఫిల్మ్, ఫార్మ్. ఇవి తక్కువే గనక ఆఖర్న నేర్పాం. ‘నువ్వు ఫిలిం అనుకో, రాసేటప్పుడు ఎల్ పక్కన ఎమ్‌ని కూర్చోబెట్టు’ అని చెప్పినం. ‘థమ్’ చివర రాసి పలకని బీ లాంటి వేషాలు ఇంకా పెద్ద తరగతికి వదిలేశాం. ఒకేసారి అన్నీ పోస్తే పిల్ల బెదిరిపోతది.

నాలుగోది మాకు బాగా నచ్చినది. పుస్తకం మూసి పిల్లల్ని రోడ్డు మీదికి తీసుకుపోయినం. అమీర్‌పేట అంటేనే బోర్డులు. 1990ల్లో సాఫ్ట్‌వేర్ కోర్సులు మైత్రీవనం చుట్టూ మొదలైనప్పటి నుంచి ఇక్కడ గోడ కనబడకుండా అక్షరాలే. పెద్దోళ్ళు ఉద్యోగం కోసం చదివే ఆ బోర్డులు మా పిల్లలకు వాచకమయ్యాయి. ‘బెస్ట్’ అన్న మాట ఎన్ని బోర్డుల మీద ఉందో లెక్క పెట్టమన్నాం. టెస్ట్, రెంట్, బ్యాంక్, గిఫ్ట్, లిఫ్ట్, ఫాస్ట్ ఫుడ్. పంజాగుట్ట దాకా పోయి వచ్చేసరికి పిల్లలు జంటల్ని దొంగల్ని పట్టుకున్నట్టు పట్టుకుంటున్నారు. “అన్నా, స్ట్! అన్నా, ఇంకో స్ట్!”

ఫస్టు అన్నా ఫస్టే

ఉచ్చారణ గురించి ఒక్క మాట. మన హైదరాబాద్‌లోనే 1958లో ఇంగ్లీషు బోధన కోసం కేంద్ర సంస్థ పెట్టారు. అది 1972లో సీఫెల్ అయింది, 2007 నుంచి ఇఫ్లూ అనే సెంట్రల్ యూనివర్సిటీ. అక్కడ ఆర్.కె. బన్సల్ 1969లో భారతీయుల ఇంగ్లీషు మీద పరిశోధన అచ్చు వేశాడు. ఆయన పట్టుకున్న ప్రశ్న, మాట వినేవాళ్ళకి అర్థమవుతోందా లేదా అని. దొరలాగ ఉందా అని కాదు. ‘ఫస్టు’ అంటే ఎవరికి అర్థం కాదు చెప్పండి? రాసేటప్పుడు యూ వద్దు, అది స్పెల్లింగ్ నియమం, నేర్చుకోవాలి, నేర్పాలి. ఇంటర్వ్యూకి పోయేటప్పుడు చిటికెన వేలు ముడుచుకుందాం. కానీ మన నోటిని చూసి నవ్వే హక్కు ఎవరికీ ఇవ్వొద్దు.

ఏడు ఆదివారాలు అయినంక మెస్సు అక్క బిడ్డకి ఇరవై మాటలు చెప్పినం. పదిహేడు కరెక్టు రాసింది. బ్యాంక్‌లో ఎన్ పెట్టింది. డెస్క్ దగ్గర చిటికెన వేలు ముడుచుకొని రాయడం మేము కళ్ళారా చూసినం. ఆ పలక పట్టుకొని అక్కతో పాటు మాలో ఇద్దరం బడికి పోయినం. టీచరమ్మ చెడ్డ మనిషి కాదు. ఒక్క రూంలో యాభై మందికి పైగా పిల్లలు, ఆమెకి సున్న సంగతి ఎవరూ చెప్పలేదు. మేము చెప్తే శ్రద్ధగా విన్నది, ఒక కాగితం మీద రాసుకున్నది. తరగతి మళ్ళీ చదివించే సంగతి ఏడాది చివర చూద్దాం అన్నది. నోటుబుక్కులో ఆ ఇంగ్లీషు మాట మాత్రం ఇంకా అట్లనే ఉంది. అది కొట్టేసేదాకా మేము పోతూనే ఉంటాం.

అక్కకి మాత్రం జవాబు చెప్పేసినం: “నీ బిడ్డ బుర్ర మందం కాదక్కా. రెండు భాషల లెక్కలు ఒకేసారి చేస్తోంది.”

ఇప్పుడు మీతో ఒక పని ఉంది. మీ ఇంటి భాషలో హల్లు మీద ఆగే మాటలు, ముఖ్యంగా చివర రెండు హల్లులు కలిసి వచ్చే మాటలు కింద రాయండి. గోండి, కొలామి, కోయ, లంబాడీ, సవర, కువి, జాతాపు, కొండ, ఏదైనా సరే. ఏ మండలం వైపు అట్ల అంటారో కూడా రాయండి, ఊరు ఊరుకీ తేడా ఉంటది. అమ్మని, నాయినమ్మని అడిగి రాస్తే ఇంకా మంచిది. అవన్నీ కలిపి ఒక చార్టు చేద్దాం. ‘మిల్క్’ పక్కన ‘కాల్క్’, ‘బ్యాంక్’ పక్కన ‘కంక్’ ఉండే చార్టు. సెలవులకు ఊరికి పోయినప్పుడు మన గూడెం బడిలో, తండా బడిలో ఒకటో తరగతి గోడకి అంటించి వద్దాం. అది చూసి పిల్ల ‘ఇది మా ఇంట్లో ఉన్నదే కదా’ అనుకుంటే చాలు.

జోహార్.